పై చెయ్యి, కింది చెయ్యి: కరిసల్ కథల్లో దయ

కు. అళగిరిసామి 'అన్బళిప్పు' కథను తెలుగు చేయబూనుకున్న విద్యార్థికి మొదటి చిక్కు శీర్షిక దగ్గరే ఎదురవుతుంది. తమిళంలో అన్బు అంటే ప్రేమ, అళిప్పు అంటే ఇవ్వడం. పుస్తకం మొదటి పుటలో పేరు రాసి, సంతకం చేసి ఆప్తులకిచ్చేటప్పుడు వాడే మాట అది. తెలుగులో 'బహుమతి' అందామంటే ఆ మాటకు పైనుంచి కిందికి వచ్చే వాలు ఉంది. పోటీలో నెగ్గినవాడికి పెద్దలు ఇస్తారు, మెచ్చి దొర ఇస్తాడు. 'కానుక' అందామంటే దానికి కిందినుంచి పైకి పోయే వాలు ఉంది. దేవుడి హుండీలో వేస్తాం, గురువుగారి ముందు పెడతాం. పెళ్ళిళ్ళలో, స్నేహాల్లో ఈ మాటల వాడుక కొంత చదునైన మాట నిజమే కాని, వాలు పూర్తిగా పోలేదు. తమిళ మాట మాత్రం పైకీ కిందికీ కాకుండా పక్కకు పోతుంది. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే చాప మీద కూర్చున్నట్టు ఉంటుంది.

దీన్ని నిఘంటువుతో తీర్చుకోగలిగిన చిక్కుగా భావించి ముందుకు పోతే కథే చేజారిపోతుంది. ఎందుకంటే ఆ కథ నడిచేదంతా ఈ వాలు గురించే. దయ అనేదాన్ని మనం సాధారణంగా ఇచ్చేవాడి గుణంగా లెక్కిస్తాం. దయాళువు, దానశీలి, ధర్మాత్ముడు అనే మాటలన్నీ పై చెయ్యి గురించినవే. కింది చేతికి మన సాహిత్య పరిభాషలో 'పాత్రత' అనే ఒక్క మాట ఉంది, అదీ పై చెయ్యి వేసే తూకమే. కోవిల్‌పట్టి ప్రాంతపు కథకులు కొందరు ఈ లెక్కను తిరగేసి, పుచ్చుకునేవాడి వైపునుంచి దయను పరీక్షించారు. వారిలో తెలుగు ఇళ్ళలో పుట్టి తమిళంలో రాసినవారు ఉండడం తమిళనాట తెలుగు చదువుకునే మనకు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం.

ముందు స్థలం గురించి నాలుగు మాటలు. విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి వచ్చి, ఇంకా దక్షిణాన కయత్తారు, తిరునెల్వేలి వైపు పోయే నేలను 'కరిసల్' అంటారు. మన నల్లరేగడే. వాన మీద ఆధారపడ్డ పత్తి, సజ్జ, జొన్న, మిరప. కాలువ నీళ్ళ సీమలో ఉండే నిబ్బరం ఇక్కడి జీవితంలో లేదు. వాన ఒక్క ఏడు మొహం చాటేస్తే పెట్టిన చెయ్యి అడిగే చెయ్యి అవుతుంది. ఈ నేల మీద విజయనగర, నాయకరాజుల కాలాల నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు, చేనేతవారు, చెప్పులు కుట్టే అరుంధతీయులు, ఇలా పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు. వ్యాసం చివరికి వచ్చేసరికి ఈ మెట్ల సంగతి మనకు అవసరమవుతుంది.

కోవిల్‌పట్టికి దక్షిణాన తిరునెల్వేలి దారిలో ఉన్న ఇడైసెవల్ అనే చిన్న ఊళ్ళో 1923 సెప్టెంబరులో వారం రోజుల తేడాతో ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకరు కి. రాజనారాయణన్, తెలుగు మాట్లాడే కమ్మవారి ఇంటి బిడ్డ. రెండోవారు కు. అళగిరిసామి. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. అళగిరిసామి మద్రాసు వెళ్ళి పత్రికల్లో పనిచేశారు. 1950లలో కొన్నేళ్ళు మలయాలో 'తమిళ్ నేసన్' పత్రికలో ఉన్నారు. 1970లో నలభై ఏడేళ్ళు నిండకుండానే పోయారు. ఆ ఏటి సాహిత్య అకాడెమీ పురస్కారం 'అన్బళిప్పు' సంపుటికి ఆయన పోయిన తరవాత వచ్చింది. రాజనారాయణన్ ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటూ ముప్పై దాటాక కలం పట్టారు, 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో అకాడెమీ పురస్కారం అందుకున్నారు, 2021లో పుదుచ్చేరిలో కన్నుమూశారు. తమిళ పాఠకులు ఆయన్ని ఆప్యాయంగా 'నైనా' అని పిలిచేవారు. ఆ పిలుపు మన ఇళ్ళలోదే అని తెలుగు విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు.

'అన్బళిప్పు' కథలో చెప్పేవాడు నగరంలో ఉద్యోగం చేసుకునే మనిషి. పక్క ఇళ్ళ పిల్లలు సెలవునాడు అతని గదిలో చేరి పుస్తకాలన్నీ తిరగేస్తారు, అల్లరి చేస్తారు, అతన్ని సొంత మనిషిలా చూసుకుంటారు. అతనికీ పిల్లలంటే ప్రాణం. కొత్త సంవత్సరానికి ఇద్దరు పిల్లలకు డైరీలు తెచ్చి, పేర్లు రాసి ఇస్తాడు. సారంగన్ అనే మరో పిల్లవాడికి ఇవ్వడు. ద్వేషమేమీ లేదు, ఆ పిల్లవాడు అతని కంటికి ఆనలేదు, అంతే. ఒకరోజు సారంగన్ అతన్ని తమ ఇంటికి రమ్మని పట్టుబట్టి తీసుకుపోతాడు. ఫలహారం పెట్టిస్తాడు, కాఫీ ఇప్పిస్తాడు. ఆ తరవాత తానే సంపాదించుకున్న ఒక డైరీ తీసి అతని ముందు పెట్టి, తనకు అన్బళిప్పుగా ఇచ్చినట్టు అందులో రాయమంటాడు.

ఈ ముగింపును పిల్లవాడి అమాయకత్వంగా, కన్నీరు తెప్పించే ఘట్టంగా చదివి వదిలేయడం మామూలే. నాకు అంతకంటే పదునైనది అక్కడ కనిపిస్తుంది. వస్తువు పిల్లవాడిది. రాయవలసిన మాటా అతనే చెబుతున్నాడు. ఇచ్చేవాడి దగ్గర మిగిలింది సంతకం ఒక్కటే. పైగా ఆ సంతకం అడగడానికి ముందు అతనికి తిండి పెట్టి, తనను ఇచ్చే స్థానంలో నిలబెట్టుకున్నాడు. అడుక్కోలేదన్నమాట. పిల్లల్ని ప్రేమించేవాణ్ణని నమ్ముకున్న పెద్దమనిషికి తన ప్రేమకు ఒక వరస ఉందనీ, ఆ వరసలో చివర ఒకడు నిలబడి ఉన్నాడనీ ఆ క్షణం దాకా తెలియదు. రచయిత అతన్ని తిట్టడు. మంచివాడిగానే ఉంచుతాడు. మంచివాడై ఉండి కూడా చూడలేకపోవడమే కథలోని సమస్య. దయ లేనివాడి కథలు రాయడం సులువు. ఉన్నవాడి దయ ఎక్కడ ఆగిపోయిందో చూపించడం కష్టం.

'రాజా వందిరుక్కిరార్' ఇంకా ముందటి కథ, అళగిరిసామి కథల్లో ఎక్కువమందికి తెలిసినదీ అదే. రామసామి డబ్బున్న ఇంటి పిల్లవాడు. చెల్లయ్య, తంబయ్య, చిన్నదైన మంగమ్మాళ్ పేదింటి పిల్లలు. మా ఇంట్లో ఇది ఉంది, మీ ఇంట్లో ఏముంది అని పిల్లలు పందెం వేసుకోవడంతో కథ మొదలవుతుంది. ఆ లెక్కలో పేదపిల్లలు ఓడిపోవలసినవాళ్ళే కాని, నోటి చురుకుతో నిలదొక్కుకుంటారు. అది దీపావళి ముందు రోజు. రామసామి అక్క మొగుడు జమీందారు, అందరూ అతన్ని రాజా అంటారు. పండక్కి ఆ ఇంటికి రాజా వస్తున్నాడు. ఇక్కడ పేదింటి వెలుపల, పారేసిన విస్తరాకులో మిగిలింది తింటూ ఒంటినిండా పుండ్లతో ఒక అనాథ పిల్లవాడు పిల్లల కంటపడతాడు. తల్లి తాయమ్మాళ్ వాణ్ణి లోపలికి పిలిచి అన్నం పెడుతుంది. పేరడిగితే రాజా అంటాడు. పండగ తలంటు తన పిల్లలతోపాటు వాడికీ పోస్తుంది. ఇంటాయన కోసం కొన్న తుండుగుడ్డ వాడి ఒంటి మీదికి వస్తుంది. తెల్లవారి రామసామి తమ ఇంటికి రాజా వచ్చాడని గొప్పగా చెప్పినప్పుడు, మంగమ్మాళ్ తమ ఇంటికీ రాజా వచ్చాడని బదులిస్తుంది.

ఆ బదులులో చమత్కారం ఉందని ఎవరైనా గుర్తిస్తారు. చమత్కారం వెనక ఉన్నది వ్యాకరణం. శీర్షికలోని క్రియ చివర ఉన్న 'ఆర్' గౌరవవాచకం. దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి? 'రాజా వచ్చాడు' అంటే గౌరవం పోతుంది. 'రాజావారు వచ్చారు' అనవచ్చు. కాని తెలుగుకు ఇక్కడ తమిళానికి లేని ఒక వసతి ఉంది. పెద్దలు ఇంటికి వస్తే మనం 'దయచేశారు' అంటాం. దయచేయడమంటే ఇవ్వడం కూడా, రావడం కూడా. వచ్చినవాడే దయ చేసినవాడు, ఇంట్లోవాళ్ళు ఆ దయను అందుకున్నవాళ్ళు. 'రాజావారు దయచేశారు' అంటే కథ మొత్తం ఆ ఒక్క క్రియలో ఇమిడిపోతుంది. తలంటు పోసిన తల్లిది పై చెయ్యా, గడప దాటి వచ్చిన పిల్లవాడిది పై చెయ్యా అని తేల్చుకోలేని స్థితి ఏర్పడుతుంది. పందెంలో ఓడిపోతున్న పిల్లలకు గెలుపు తెచ్చింది వాడే కదా. మరీ దర్బారు వాసన వేస్తుందని దీనికి అభ్యంతరం చెప్పవచ్చు. ఆ వాసన ఇక్కడ పనికివస్తుందనే నా వాదం.

తాయమ్మాళ్‌ను దేవతగా చేసి మాట్లాడే పద్ధతి ఒకటి ఉంది. అది కథకు మేలు చేయదు. ఆమెకు కొత్త చీర లేదు, ఇంట్లో ఉన్నది లెక్కపెట్టిన బట్టలు. ఒకటి ఇస్తే ఒకరికి తగ్గుతుంది. కథలో దయకు విలువ వచ్చింది ఆ తగ్గుదల వల్ల. ఇంకో సంగతి కూడా గమనించాలి. పుండ్ల మీద నీళ్ళు పడితే మండుతుంది. పుచ్చుకునేవాడికి దయ అన్ని వేళలా సుఖంగా ఉండదు. ఇది రాయడానికి రచయితకు ఒంటి మీద పుండ్లున్న పిల్లల్ని దగ్గరినుంచి చూసిన అనుభవం కావాలి.

ఈ కథ పక్కన పెట్టి చూడదగిన వ్యవహారం విరుదునగర్ చరిత్రలో ఉంది. పూర్వం విరుదుపట్టి అని పిలిచిన ఆ ఊళ్ళో నాడార్ వర్తకులు వ్యాపారం మీద 'మగమై' అనే ఉమ్మడి చందా వసూలు చేసుకుని గుళ్ళూ బళ్ళూ నడిపేవారు. పై కులాల గుళ్ళలోకి రానివ్వని కాలంలో తమ సంస్థలు తామే కట్టుకున్న సముదాయం అది. పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో పెట్టిన క్షత్రియ విద్యాశాల నిర్వహణకు ఇంటింటా 'పిడి అరిసి' పద్ధతి పెట్టారు. రోజూ వంటకు బియ్యం తీసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం విడిగా ఒక కుండలో వేస్తుంది. అలా చేరిన బియ్యం బడి ఖర్చుకు పోతుంది. 1903లో ఆ ఊళ్ళో పుట్టిన కామరాజ్ చదువుకున్నది ఆ బళ్ళోనే.

పిడికెడు బియ్యంలో ఉన్న సుగుణం దానికి మొహం లేకపోవడం. ఏ గింజ ఏ ఇంటిదో బళ్ళో కూర్చున్న పిల్లవాడికి తెలియదు, ఎవరికీ చేతులు జోడించనక్కరలేదు. ఇచ్చే ఇల్లాలికీ పుచ్చుకునేవాడు కనిపించడు కనుక, ఇచ్చానన్న గర్వానికి చోటు తక్కువ. ముఖ్యమంత్రిగా కామరాజ్ బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించే పని 1956లో చేపట్టినప్పుడు దాన్ని ప్రారంభించిన చోటుగా చెప్పేది కోవిల్‌పట్టికి సమీపాన ఉన్న ఎట్టయపురం, భారతి పుట్టిన ఊరు. మొదట ఊరివాళ్ళ విరాళాల మీద నడిచి, తరవాత ప్రభుత్వ వ్యవహారమైంది. 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వం దాన్ని పౌష్టికాహార పథకంగా విస్తరించింది. విరుదునగర్ కుండకూ ఈ పథకానికీ సూటిగా కార్యకారణ సంబంధం కట్టడం నా ఉద్దేశం కాదు. కాని రెండింటిలోనూ పిల్లవాడు వరసలో కూర్చుంటాడు, తింటాడు, లేచిపోతాడు. ఎవరి దయకూ పాత్రుడినని నిరూపించుకోవలసిన పని లేదు.

అలాగని కథకుడి కంటే కుండ గొప్పదని అనలేం. పుండ్లున్న పిల్లవాడికి కుండలోని బియ్యం తలంటు పోయదు. పేరడగదు. సారంగన్‌కు కావలసింది డైరీ అయితే ఏ సంఘమైనా ఇవ్వగలిగేది. అతనికి కావలసింది ఒక మనిషి చేతిరాతలో తన పేరు. మొహం లేని దయ ఆకలి తీరుస్తుంది, మొహం ఉన్న దయ ఉనికిని గుర్తిస్తుంది. రెండోదానిలోనే గాయపరిచే శక్తీ ఉంది.

ఆ గాయం ఇంటి లోపల ఎలా ఉంటుందో కి. రాజనారాయణన్ 'కన్నిమై' కథలో చూపారు. ఆయన కథల్లో చాలాకాలం చర్చలో నిలిచినది ఇది. నాచ్చియారమ్మ పెళ్ళికి ముందు పెట్టే చెయ్యి. ఇంటి మనుషులూ, పొలం పనివాళ్ళూ, వచ్చేపోయేవాళ్ళూ ఆమె చేతి అన్నం, మజ్జిగ తలుచుకుని మురిసిపోతారు. మొదటి సగం ఆమెను చెల్లెలుగా చూసుకునే మనిషి చెబుతాడు. రెండో సగం భర్త రంగయ్య గొంతు. పెళ్ళయి పిల్లలు పుట్టాక ఆమె లెక్క మనిషైంది. పట్టుకొలత వచ్చింది. జ్వరంతో పడుకున్న భర్తకు పాత నాచ్చియారమ్మ కనిపించదు, పైసా పైసా చూసుకునే ఇల్లాలు కనిపిస్తుంది. ఆ చెయ్యి ఏమైపోయిందని అతను వాపోతాడు. శీర్షికకు కన్యాత్వమని అర్థం. పెళ్ళితో ఆమెలోని ఏదో పవిత్రమైనది పోయిందని కథ అంటున్నట్టు చాలామంది చదివారు.

నేను ఆ చదువుతో ఏకీభవించలేను. కథను చెబుతున్నది ఎవరు? ఇద్దరూ మగవాళ్ళు, ఇద్దరూ ఆమె చేతి కింద పుచ్చుకున్నవాళ్ళు. నాచ్చియారమ్మ తన మాటగా తన కథ చెప్పదు. పుట్టింట్లో ఆమె పెట్టినది తండ్రి గాదెలోది. ఎంత పెట్టినా తరగని ఇల్లు. ఆ ఔదార్యం అబద్ధమని నేననను, దానికి ఖరీదు ఆమె కట్టలేదని మాత్రం అంటాను. అత్తింట్లో గాదె ఆమె బాధ్యత. వాన ఎగ్గొడితే జవాబు చెప్పవలసింది ఆమె. తాయమ్మాళ్ తుండుగుడ్డ దగ్గర తేల్చుకోవలసిన లెక్క ఇక్కడ రోజూ వస్తుంది. ఒకరోజు తేల్చుకోవడం కథకు సరిపోతుంది. ముప్పై ఏళ్ళు తేల్చుకోవడం మనిషిని మార్చేస్తుంది.

తెలుగులో 'ఇచ్చిపుచ్చుకోవడం' అని ఒక మాట ఉంది. వస్తువుల విషయంలోనూ అంటాం, పిల్లల విషయంలోనూ అంటాం. ఆడపిల్లను 'ఇస్తారు', మగపిల్లవాడి తరఫువాళ్ళు 'చేసుకుంటారు'. నాచ్చియారమ్మ ఇచ్చే మనిషే కాదు, ఇవ్వబడిన మనిషి కూడా. ఇవ్వబడిన తరవాత ఆమెకు ఎవరేమిచ్చారో కథలో ఇద్దరు కథకులూ చెప్పరు, వాళ్ళకు తట్టదు. జ్వరంలో ఉన్న రంగయ్య తనకు ఒకప్పుడు దక్కినదాన్ని గుర్తుచేసుకుంటాడు. ఆమెకు జ్వరం వచ్చిన రోజు ఏదీ అతని జ్ఞాపకంలో లేదు. ఈ మౌనాన్ని రచయిత తెలిసే ఉంచారా, లేక ఆయనా ఆ ఇద్దరి పక్కనే కూర్చున్నారా? ఒక్క గొంతు చాలే చోట రెండు గొంతులు పెట్టడం చూస్తే తెలిసే ఉంచారని నా మొగ్గు. ఒక్కడే చెబితే మనం నమ్మేవాళ్ళం. ఇద్దరు చెప్పేసరికి ఆమె మాట లేకపోవడం చెవికి తగులుతుంది.

'కదవు' అంటే తలుపు. ఈ కథ గురించి తక్కువ మాటల్లో చెప్పడమే న్యాయం. తండ్రి కూలికోసం ఊరు దాటి పోయాడు, తల్లి పనికి పోయింది, పిల్లలు ఇంటి తలుపు మీద ఎక్కి బండి ఆట ఆడుకుంటారు. తలుపుకు ఒక అగ్గిపెట్టె బొమ్మ అంటించుకుని మురుస్తారు. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి అగ్గిపెట్టెల సీమలో ఆ బొమ్మ కాగితం పేదపిల్లల ఆస్తి. పన్ను బకాయికి ఊరి అధికారి మనుషులు వచ్చి ఆ తలుపు ఊడదీసుకుపోతారు. తలుపు లేని ఇంట్లో చలిగాలికి చంటిబిడ్డ పోతాడు. తరవాత ఒకరోజు పిల్లలు చావడి దగ్గర పడి ఉన్న తమ తలుపును గుర్తుపట్టి దాన్ని కౌగలించుకుంటారు. ఇక్కడ దయ చూపే మనిషే లేడు. పిల్లలు ఒక చెక్క మీద తమ ప్రేమ చూపించి, చెక్కనుంచి దాన్ని తిరిగి తీసుకుంటారు. తలుపు పట్టుకుపోయినవాడికి దానితో పని లేదనీ, అది అక్కడ వృథాగా పడి ఉందనీ రచయిత చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక మెట్ల సంగతి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' 1976లో వచ్చింది. ఉత్తరాన ఒక పాలకుడి కంట తమ ఆడపిల్ల పడిందని భయపడి, దక్షిణానికి పారిపోయి వచ్చిన తెలుగు కుటుంబాల కథ. శతాధిక వృద్ధురాలైన మంగత్తాయారు చెప్పే వలస వృత్తాంతంలో ఒక ఘట్టం ఉంది. వెనక తరుముకొస్తున్నారు, ముందు నది. ఒక చెట్టు ఒంగి దారి ఇస్తుంది, దాని మీదుగా దాటుతారు. ఇది రాజనారాయణన్ కల్పన మాత్రమే కాదు. తొట్టియ నాయకుల్లో ఇలాంటి ఐతిహ్యం ఉన్నట్టు థర్‌స్టన్ 1909లో ప్రచురించిన సంపుటాల్లో నమోదైంది. అక్కడ ఒంగింది పొంగు చెట్టు, మన కానుగ. ఆ చెట్టును వాళ్ళు పూజ్యంగా చూస్తారని కూడా రాశారు.

దక్షిణాదికి వచ్చిన తెలుగువాడు పుచ్చుకున్న మొదటి దయ చెట్టుది అన్నమాట. అందమైన కథ. కాని చెట్టునుంచి పుచ్చుకుంటే ఒక సౌకర్యం ఉంది. చెట్టు తిరిగి అడగదు, దాని పిల్లలు మన పొలంలో కూలికి రారు. నది దాటాక అడవి కాల్చి, నేల చదును చేసి ఊరు కట్టుకున్నట్టు నవల చెబుతుంది. ఆ నేల మీద, చుట్టుపక్కల అప్పటికే ఉన్న మనుషులు వీళ్ళకు ఏమిచ్చారు, ఏ బావిలో నీళ్ళు తోడుకోనిచ్చారు, ఏ విత్తనం చూపించారు అన్నది ఐతిహ్యం గుర్తుంచుకోలేదు. మనిషి నుంచి పుచ్చుకున్న జ్ఞాపకం చెరిగి, చెట్టు నుంచి పుచ్చుకున్న జ్ఞాపకం నిలిచింది. కొన్ని తరాలు తిరిగేసరికి ఆ కుటుంబాలు పెట్టే ఇళ్ళయ్యాయి, పై చెయ్యి అయ్యాయి. 'కన్నిమై'లో నాచ్చియారమ్మ పుట్టింటి గాదె ఇలాంటి ఇంటిదే.

ఆ గాదె దగ్గర చెయ్యి చాచినవాడి వైపునుంచి ఇదే సీమను చూడాలంటే పూమణి దగ్గరికి పోవాలి. 1947లో కోవిల్‌పట్టి సమీపంలోని ఆండిపట్టిలో పుట్టిన పూమణికి 2014లో 'అజ్ఞాడి' నవలకు అకాడెమీ పురస్కారం వచ్చింది. 1979 నాటి ఆయన తొలి నవల 'పిరగు'లో అళగిరి చెప్పులు కుట్టేవాడు, ఊరికి మోటతోళ్ళు కుట్టి ఇచ్చేవాడు. ఆయన కులంవాళ్ళలో ఎంతోమంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. అంటే గాదె ఉన్న ఇంట్లోనూ, గాదె ముందు నిలబడ్డ మనిషి ఇంట్లోనూ ఒకే భాష. ఈ సంగతి మన తెలుగు శాఖల్లో తగినంత చర్చకు రాలేదు. ప్రవాసాంధ్రుల సాహిత్యమంటే 'గోపల్ల గ్రామం' పేరు వెంటనే వస్తుంది. 'పిరగు' పేరు వినబడదు.

కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఊరి పనివాళ్ళకు ఇచ్చే పాలును తెలుగులో 'మేర' అంటారు, తమిళంలో 'మేరై'. రెండూ ఒకటే మాట. ఏడాది పొడుగునా కుట్టిన చెప్పులకూ, బాగుచేసిన మోటకూ అది కూలి. కాని పై చెయ్యి నోట అది 'ధర్మం' అవుతుంది. కూలిని ధర్మమని పిలవడంతో బాకీ ఎవరిదో తారుమారవుతుంది. పనిచేసినవాడు రుణపడ్డవాడై వంగి నిలబడాలి. 'అన్బళిప్పు'లో సారంగన్ చేసింది ఇక్కడ అళగిరి చేయలేడు. సారంగన్ ఇచ్చేవాణ్ణి ఇంటికి పిలిచి, ఫలహారం పెట్టి, సమానంగా కూర్చోబెట్టి, రాయవలసిన మాట తానే చెప్పాడు. చెప్పులు కుట్టేవాడి ఇంట ఫలహారం తినడానికి ఆ కాలపు గాదె యజమాని రాడు. ఇవ్వడం వరకే అనుమతి, పుచ్చుకోవడానికి కులం అడ్డు. పై చెయ్యి ఎన్నడూ కింది చెయ్యి కాకుండా కాపాడుకున్న చోట దయ ఎంత పోసినా వాలు మారదు. ఈ అడ్డును దృష్టిలో పెట్టుకుని 'రాజా వందిరుక్కిరార్' మళ్ళీ చదివితే, తాయమ్మాళ్ ఆ పిల్లవాడి కులం అడగకుండా పేరు మాత్రమే అడగడం ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

పూమణి ఈ మనుషుల్ని జాలిగా రాయలేదన్నది 'పిరగు' గొప్పదనం. అళగిరికి హాస్యం ఉంది, పంతం ఉంది, పనితనం మీద గర్వం ఉంది. పాఠకుడు జాలిపడి చేతులు దులుపుకునే వీలు రచయిత ఇవ్వడు. తెలుగులో 'జాలి' అనే మాట నవల మీద సమీక్షల్లో సులువుగా దొర్లుతుంది, 'జాలిగొలిపే పాత్ర' అంటాం. అలాంటి వాక్యం 'పిరగు' మీద రాయడానికి వీల్లేదు. సారంగన్ మీద కూడా రాయకూడదని నేననుకుంటాను.

అనువాదకుల పని ఇంకా మిగిలే ఉంది. 'అన్బళిప్పు'కు 'పేరు రాసి ఇచ్చినది' అనే వివరణ తప్ప నాకు సరైన ఒక్క మాట దొరకలేదు. కోవిల్‌పట్టి, సాత్తూరు, అరుప్పుక్కోట్టై చుట్టుపక్కల ఊళ్ళ తెలుగు ఇళ్ళలో, ఒకరికొకరు సమానంగా ఇచ్చుకునేదానికి ఇంటిమాట ఏదైనా ఉందేమో ఆ ఊళ్ళనుంచి వచ్చి మన తరగతుల్లో కూర్చునే విద్యార్థులే వెతకాలి. గాదె ఉన్న ఇళ్ళలోనే కాక, మేర తీసుకున్న ఇళ్ళలోనూ అడగాలి.